కాన్పుల గదిలో అక్క మాట

"చేతులు కడిగావా?"

"కడిగానక్కా."

"మోచేతుల దాకా?"

కొత్త నర్సు మళ్ళీ కుళాయి దగ్గరికి పరిగెత్తింది. ఆసుపత్రిలో చిన్నా పెద్దా 'అక్క' అని పిలిచే ఆ పెద్ద నర్సు ఒక్క కేకేస్తే, గేటు బయట మొరాయించిన స్కూటర్లు కూడా స్టార్టయ్యేవట. కొత్తమ్మాయి చేరిన నాటి నుంచీ అన్నం కంటే అక్క తిట్లే ఎక్కువ తింటోంది.

అక్క కాన్పుల గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతోంది. ముఖం కందగడ్డ. మధ్యమధ్య ఆగి, కిటికీ ఊచలు పట్టుకుని, బుసలు కొట్టి, మళ్ళీ అందుకుంటోంది.

"తెర లాగు. ఇదేమన్నా సంతా?"

కొత్తమ్మాయి లాగింది.

"బయట ఆ ఏడుపేంటి?"

"పెద్దావిడక్కా. కన్నతల్లిని గదా, నన్ను లోపలికి పోనివ్వండమ్మా అంటోంది. డాక్టరుగారు వద్దన్నారని..."

"పిలుచుకురా!"

అంతలో డాక్టరుగారే వచ్చారు. చెడ్డాయనేం కాదు, కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగే రకం.

"ఇంకా కాలేదా? బల్ల మీద పడుకోబెట్టి సూది వేసెయ్యమ్మాయ్. నాకు మీటింగుంది."

"ఆ సంగతి లోపలున్న బిడ్డకు చెప్పి చూడండి సార్, వింటుందేమో," అంది అక్క. "నొప్పులు వాటి దారిన అవి వస్తున్నాయి. ముల్లుగర్ర పెట్టి పొడవడానికి ఇది ఎడ్లబండి కాదు."

కొత్తమ్మాయి అందుకోబోయిన సూదిని మళ్ళీ ట్రేలో పెట్టేసింది.

"సరే, సూది మానెయ్. ఆ పెద్దావిడ మాత్రం లోపలికి రావడానికి వీల్లేదు."

"తోడుగా ఒక మనిషి ఉండొచ్చని గోడ మీద బోర్డు పెట్టించిందెవరు?"

"అది తనిఖీకొచ్చినవాళ్ళ కోసం! చూశారు, మార్కులేశారు, పోయారు. ఇప్పుడెవరున్నారని?"

"నేనున్నాను."

"నోరెక్కువైంది నీకు. రేపట్నించి ఈ గదిలో డ్యూటీకెలా వస్తావో చూస్తా!"

"రేపట్నించి నేను సెలవు సార్. ఆ బెదిరింపు దాచుకోండి, వచ్చాక వాడుకుందురు గాని."

అక్క ఊచల్ని ఒక్క గుంజు గుంజింది. కిటికీ గోడతో సహా ఊడొస్తుందేమోనని డాక్టరుగారు వెనక్కి జరిగారు.

"తోడు లేనిదే ఇక్కడ ఎవరూ ఏ బల్లా ఎక్కరు. తల్లుల్ని బయట బెంచీల మీద ఏడిపించి, కూతుళ్ళని లోపల ఒంటరిగా అరిపించింది చాలు. ఇవాళ్టితో సరి. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి!"

డాక్టరుగారు బోర్డు వంక చూశారు. అక్క వంక చూశారు. బోర్డే కాస్త మెత్తగా కనిపించినట్టుంది, "మీ ఇష్టం, తగలడండి!" అని తలుపు వదిలి పక్కకు తప్పుకున్నారు.

పెద్దావిడ వచ్చింది. వస్తూనే ఏడుపు మింగేసి కొంగుతో చెమట తుడిచింది, నడుం నిమిరింది, గుక్కెడు నీళ్ళు తాగించింది. "ఊపిరి వదులు నా తల్లీ, నేనున్నాగా," అంది. అక్క నోటికి మాత్రం అప్పుడూ తాళం పడలేదు.

"కంగారు పడకు పిల్లా! చెయ్యి ఆనించు, అంతే. లాగకు! దానంతటదే వస్తుంది!"

బిడ్డ కేరుమంది.

ఒళ్ళు తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెడుతుంటే కొత్తమ్మాయికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఆమె తన చేతుల మీదుగా పోసిన మొదటి పురుడు అది.

కన్నది అక్క.