వేపాకు గంప

ఒక పెరట్లో గోడవారగా నాలుగు గంపలు, నాలుగింటిలోనూ గుడ్లు పొదిగే పెట్టలు ఉండేవి. వాటికి పెద్దదిక్కు ఎర్రతురాయి పుంజు. గంపలన్నీ ఒక్కలా కనబడాలని దాని పట్టుదల. “వరిగడ్డి తప్ప ఇంకేదీ ఉండకూడదు” అని అందరికీ చెప్పింది.

చుక్కలపెట్ట గంపలో మాత్రం వేపాకు కనబడింది.

“ఏమమ్మా, ఇది గంపా, అమ్మవారి గుడా?” అంది పుంజు.

“మా అమ్మమ్మ నాటినుంచీ పరుచుకుంటున్నాం బాబాయ్...”

“మీ అమ్మమ్మ ముచ్చట్లు ఇక్కడ కుదరవు!” అంటూ పుంజు ఆకంతా ముక్కుతో లాగి పెంటమీద పారేసింది. మిగతా పెట్టలు కిసుక్కున నవ్వాయి.

వారం తిరిగేసరికి గంపల్లో పేలు పడ్డాయి. మూడు పెట్టలు గుడ్లు వదిలేసి బూడిదలో పొర్లడానికి పరుగెత్తాయి. చుక్కలపెట్ట కదల్లేదు. దాని మెడమీద ఈకలు రాలి, కందిన చర్మం బయటపడింది.

“నువ్వూ కాసేపు పొర్లి రావమ్మా” అంది పుంజు.

“గుడ్లు చల్లబడిపోతాయి బాబాయ్. లోపల పిల్లలు కదులుతున్నాయి.” గుడ్లను రెక్కల కిందికి లాక్కుంటూ, “వేపాకుంటే పేలు చేరవని అమ్మమ్మ చెప్పేది” అంది, నిష్ఠూరమేమీ లేకుండానే.

ఆ మెత్తని మాటకే పుంజు తల వాలిపోయింది. ఆకెందుకమ్మా అని ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే! గోడెక్కి ఊరంతా వినబడేలా కూసే గొంతుకి ఆ చిన్న మాట రాలేదే!

వెళ్లి వేపరెమ్మ తెచ్చింది. ముఖం ఎత్తలేక గంప అంచు దగ్గరే నిలబడి, “ఎక్కడ పరచమంటావమ్మా?” అంది.

ఒక గంప ముందు నిలబడి పుంజు అడగడం అదే మొదటిసారి.