పుణె పోయిన తంబురాలు

తంబురాకు చెవి ఆనించి తీగలు మీటిన ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"తీగ పలుకుతోంది దస్తగీర్ మియా. జిలుగే లేదు."

మిరజ్‌లో నలభై ఏళ్లుగా తంబురాలు చేస్తున్న దస్తగీర్‌ను, అతని దుకాణంలోనే కూర్చుని అంత మాట అన్నవాళ్లు లేరు.

"ఏ ఊరు మీది?"

"పుణె."

"పుణెవాళ్లు నా తంబురాలను నెత్తిన పెట్టుకుంటున్నారు. మీ ఒక్కరికే వంక దొరికిందా?"

ముసలాయన నవ్వి, తీగలు ఆనే కొమ్ము పట్టీని వేలితో తడిమాడు.

ఆ పట్టీని వెంట్రుకవాసి అరగదీస్తే నాదం తేనెటీగల గుంపులా లేస్తుంది. ఆ ఝుంకారమే జిలుగు. అలా అరగదీయడాన్నే జవారీ పట్టడం అంటారు. దస్తగీర్ తాతల నాటి విద్య అది.

"పొద్దున ఏం తిన్నారు?" అన్నాడు ముసలాయన, దస్తగీర్ పొట్ట వైపు చూస్తూ.

"ఖీమా, పావ్. పైన నాలుగు జిలేబీలు. ఏం, పిల్లనిస్తారా?"

"నడక?"

"ఈ చాప మీంచి ఆ చాప మీదికి."

"మా అన్న సితార్ వాయించేవాడు. అచ్చం ఇదే తిండి, ఇదే పొట్ట. ముందు జిలుగు వినబడటం మానేసింది, ఆ తర్వాత పిట్టల అరుపు. చెప్పేవాళ్లు లేకపోయారు. మీరు ఒక్కసారి చెవులు చూపించుకోండి."

దస్తగీర్ మొహం ఎర్రబడింది.

"నా చెవులకే వంక పెడతారా? లేవండి ముందు!"

ముసలాయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

"పెద్దాయనకు చాయ్ అయినా ఇవ్వలేదు, అబ్బా" అంది కూతురు శమీమ్.

దస్తగీర్ వినిపించుకోలేదు. కానీ ముసలాయన మాట మాత్రం అతణ్ని వదల్లేదు. పొట్టకూ చెవికీ ఏమిటి సంబంధం?

సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి అడిగాడు.

"శమీమ్, పిచ్చుకలు ఇప్పుడు రావడం లేదా?"

శమీమ్ తండ్రి వైపు వింతగా చూసింది.

"కిటికీ మీదే ఉన్నాయి కదా అబ్బా. చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి."

మర్నాడే చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లారు.

"వయసు ఒక్కటే కాదు మియా. పొట్టా, చక్కెరా పెరిగితే చెవిలోపలి సన్నని నరాలకు రక్తం సరిగా అందకపోవచ్చు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోండి."

జొన్నరొట్టె, మెంతికూర మొదలయ్యాయి. పొద్దున్నే నడక మొదలైంది. చెవికి మిషను వచ్చింది.

మిషను పెట్టుకుని, అమ్ముడుపోకుండా మిగిలిన తన తంబురాలను ఒక్కొక్కటే మీటాడు.

ముసలాయన అన్నది నిజం. మూడేళ్లుగా చేసిన వాటిలో ఒక్కదానికీ జిలుగు లేదు.

మరి పుణె నుంచి ఒక్కటీ వెనక్కి రాలేదెందుకు? అదే అర్థం కాలేదు.

ఆరు నెలల తర్వాత పుణె సంగీతం టీచరు కేతకీబాయి వచ్చింది. నిరుడు కొన్న తంబురాకు కొత్త తీగలు కట్టించాలట.

దస్తగీర్ భయం భయంగా మీటాడు.

గదంతా ఝుమ్మంది.

పట్టీని వెలుగులో పెట్టి చూశాడు.

"ఇది నా చెయ్యి కాదు బాయీ. ఎవరు సరిచేశారు?"



"చెప్పొద్దన్నారు. ఇక దాచి ఏం లాభం, పోయిన నెల కాలం చేశారు. మూడేళ్లుగా పుణె వచ్చిన మీ తంబురాలన్నిటికీ జవారీ పట్టింది దత్తోపంత్ గారు. ఎవరడిగినా దస్తగీర్ మియా పనేనని చెప్పేవారు, ఒక్కసారి మాత్రం మీ చెవుల సంగతి మీకే చెప్పి వస్తానని మిరజ్ బండెక్కారు."