అద్దె వాటాకి ఎర్తెందుకు?

"ఒసేయ్ లిఖితా, వాళ్ళ ఫ్రిజ్ ముట్టుకోకు!" ఇంటి ఓనరు సుగుణమ్మ గుమ్మంలోంచే మనవరాలిని కేకేసింది.

ఈ కులం పట్టింపు ఎప్పుడూ ఉండేదేనని, అద్దెకుంటున్న మహిమ తలొంచుకుంది.

ఫ్రిజ్ షాకు కొడుతోందంటే వచ్చిన ఎలక్ట్రీషియన్ మాలిక్ స్విచ్‌బోర్డు విప్పి, గొంతు తగ్గించాడు.

"మీ వాటాకి ఎర్తు వైరు కలపనే లేదమ్మా. ఓనరుగారి వాటాకే ఉంది. ప్రమాదం, రెండు వాటాలకీ కలపాలని నిరుడే చెప్పాను. అద్దె వాటాకి ఎందుకులే అన్నారు."

"అంటే, ఆవిడకి తెలుసా?"

"తెలుసు కాబట్టేగా మనవరాలిని ముట్టుకోనివ్వంది!"

మహిమ గుమ్మం దగ్గరికి నడిచింది. సుగుణమ్మ మొహం తిప్పుకుంది.

"మీకు కులం పట్టింపనుకుని ఇన్నాళ్ళూ ఊరుకున్నానండీ. మా పాప జాస్మిన్ రోజూ ఆ ఫ్రిజ్ తలుపు తీస్తుంది. పట్టింపే అయ్యుంటే బాగుండేది."