నూలు అయిపోయేదాకా

కరుణాకర్ గుండె పట్టుకుని కింద పడ్డాడు.

తెర వెనక సాంచ, అదే కరెంటు మగ్గం, సప్పుడు మాత్రం ఆగలేదు. టకటకా మోగుతూనే ఉంది.

"ఆపమంటె ఆపవేంది నాగయ్యా?" అన్నాడు నాటకం రాసిన వంశీధర్‌రావు.

నాగయ్య చేతిలోని చెక్కలు కింద పెట్టాడు.

రెండేళ్లుగా కరీంనగర్ పోటీల్లో వంశీధర్‌రావు నాటకం ఆఖరి సీనుకు వచ్చేసరికి జనం దగ్గడం మొదలుపెడుతున్నారు. మూడోసారి కూడా అట్లయితే ఇక రాయనని ఇంట్లో చెప్పి వచ్చాడు. ఈసారి, పేపర్లో నాలుగు వరుసల్లో వచ్చిన ఒక నేతగాడి చావు మీద ఈ నాటకం రాశాడు.

ఆఖరి సీను చిన్నదే. లోపల కరెంటు సాంచ నడుపుతూ నేతగాడు గుండె ఆగి పడిపోతాడు. బయట భార్య నూలు కండెలు చుడుతుంటుంది. సాంచ ఆగగానే లోపలికి ఉరికి ఏడవాలి.

ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చిన సాంచ సప్పుడు రేకుల మీద వానలా వినిపించింది. అందుకే నేతగాడి వేషం వేస్తున్న కరుణాకర్ తన ఊరు సిరిసిల్ల నుంచి ఈ ముసలి నేతగాణ్ని పిలుచుకొచ్చాడు. రెండు చెక్కలు, ఒక ఇనుప పట్టీతో సాంచ సప్పుడును అచ్చంగా దించేస్తాడు. మాట మాత్రం తక్కువ.

"మనిషి పడంగనే సప్పుడు ఆగాలె. ఎన్నిసార్లు చెప్పాలె?"

"చేతిమగ్గమైతె ఆగుతది సారు. సాంచ కరెంటుది. కండెల నూలు అయిపోయేదాంక అదే నేస్తది."

"ఇంట్ల మనిషి పాణం పోతుంటె బయట కూసున్నోళ్లకు తెల్వదా? జనం నమ్మరు."

నాగయ్య చెక్కలను తువ్వాలతో తుడిచాడు.

పోటీ రోజు మధ్యాహ్నం హాలు నిండింది.

కరుణాకర్ పడ్డాడు. సప్పుడు ఆగలేదు.

వంశీధర్‌రావు ఆపమన్నట్టు పక్క నుంచి చెయ్యి ఊపాడు. నాగయ్య కళ్లు మూసుకుని కొడుతున్నాడు.

భార్య వేషంలో ఉన్న రోజారాణికి ఏం చెయ్యాలో తోచలేదు. సప్పుడు ఆగితేనే ఆమె లేవాలి. కండెలు చుడుతూ నోటికొచ్చింది మాట్లాడింది.

"బువ్వ సల్లారుతుంది. జర ఆపి తినిపోరాదు."

టకటక.

"పలుకవు. నీకు ఆ సాంచ మీదున్న ప్రేమ నా మీద లేదు."

అని నవ్వింది.

ముందు వరుసలో ఒక ముసలామె, "లోపటికి పో బిడ్డా," అంది మెల్లగా.

హాల్లో ఎవరూ దగ్గలేదు.

సప్పుడు ఠక్కున ఆగింది.

రోజారాణి లేవబోయింది. తెర సందులోంచి నాగయ్య ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. లోపల భర్త కండె మార్చుకుని మళ్లీ నడుపుతాడేమో అన్నట్టు ఆమె చెవి ఒగ్గి కూర్చుంది.

మళ్లీ మొదలుకాలేదు.

ఆమె చేతిలోని కండె జారిపోయింది. తెర పడింది. చాలాసేపటి దాకా చప్పట్లు కూడా లేవు.

వంశీధర్‌రావు తెర వెనక్కి ఉరికాడు. చెక్కలు ఉన్నాయి. నాగయ్య లేడు. సిరిసిల్ల బస్సు అందుకోవడానికి వెళ్లిపోయాడని కరుణాకర్ చెప్పాడు.

"గీ సంగతి ఆయనకెట్ల ఎరుక?"

కరుణాకర్ కింద ఉన్న చెక్కలు చేతిలోకి తీసుకున్నాడు.

"చెప్పద్దన్నడు సార్. మీరు పేపర్ల చదివిన ఆ నేతగాడు ఆయన కొడుకే. మీరు భార్య అని రాసుకున్నరు గని, ఆ దినం సాంచ నడుస్తనే ఉంది గదా అని బయట కూసోని కండెలు సుట్టింది నాగయ్యనే."