రెండో ట్యాంకు

దోస్తులతో అడవులు తిరగడానికి తన పాత జీపుకు ఇంకో డీజిల్ ట్యాంకు పెట్టమన్నాడు ఊరి పటేల్ జగదీశ్. తండాలో వెల్డింగ్ పనిచేసే హరిలాల్ మజూరీ వద్దన్నాడు.

పోయిన వానాకాలం నాట్లు వేస్తుండగా భార్య కమ్లిని పాము కరిస్తే, అతను పరుగెత్తింది ఈ జీపు కోసమే. జగదీశ్ తాళం తిప్పి డీజిల్ మీటరు చూపించాడు. ముల్లు సున్నా మీద ఉంది.

"నీ కండ్లతోనే సూడు. సుక్క లేదు."

మునగాల నుంచి ఆటో వచ్చి, కోదాడ దవాఖానకు చేరేలోపే కమ్లి పోయింది.

ఆనాడు రెండో ట్యాంకు ఉండి ఉంటే బతికేదని హరిలాల్ నమ్మకం. అందుకే రెండు రోజులు కష్టపడి, చుక్క కూడా కారకుండా అతుకులు వేశాడు.

బిగించాక తాళం తిప్పాడు. ముల్లు సున్నా మీదే ఉంది.

"పాత ట్యాంకుల డీజిల్ అయిపోయింది పటేలా."

"నిండుగ ఉంది. నేనెన్నడు ఖాళీ కానియ్య. ఆ ముల్లు పాడై మూడేండ్లాయె."

హరిలాల్ ఆ మీటరు అద్దం మీద వేలితో తట్టాడు.

"బాగు చెయ్యమంటరా?"

"వద్దు," అన్నాడు జగదీశ్ ఫోన్ చూసుకుంటూ. "బండి అడగనీకి వచ్చేటోళ్లకు సూపెట్టనీకి గదే పనికొస్తది."