కొత్త క్వార్టర్‌బ్యాక్ చొక్కా

లెక్కలోకి రాని ఆట కోసం సొంత అన్నతో మాట మానేస్తావా, సోదరా?

ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ సన్నాహక మ్యాచ్ అయ్యాక, క్లీవ్‌లాండ్ స్టేడియం బయట సాసేజీలు కాలుస్తూ వెండెల్ అన్నాడు: “మన జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఆ కొత్త కుర్రాణ్ణే దించాల్రా!”

తమ్ముడు రాయిస్ వెక్కిరించాడు. “అవతలి జట్టు బెంచీ మీదోళ్ల మీద నాలుగు బంతులు విసిరితే మొనగాడా? నీ మొహం, నీకేం తెలుసన్నా ఆట? ఇక నా పక్కన కూర్చోకు!”

వెండెల్ సాసేజీలు పొయ్యి మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

సూర్యుడు అస్తమించేలోగా కోపం విడవమంది బైబిల్ లేఖనం. అసలు సీజన్ మొదలైతే తేలుతుందిలే అనుకున్నాడు రాయిస్.

తొలి మ్యాచ్ ఆ కుర్రాడే గెలిపించాడు. రాయిస్ వాడి నంబరు చొక్కా కొని తొడుక్కుని, తలొంచుకుని అన్న దగ్గరికెళ్లాడు.

“నువ్వన్నదే నిజమైందన్నా,” అన్నాడు, శవపేటిక మీద చెయ్యి వేసి.

సోదరా, నీ అన్న ఇంకా బతికే ఉన్నాడు. నువ్వు చదువుతున్న ఈ కార్డు కింద పెట్టు. ఇప్పుడే లేచి వెళ్లు!