రెండో గొట్టం

“ప్లగ్గు మీద చెయ్యి వెయ్యకండి మేడమ్!”

వెల్డరు అరిచిన అరుపుకి షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. కాలేజీ ల్యాబ్ మేడమ్ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బల్ల మీద డ్రమ్ము బుడబుడమంటోంది. డ్రమ్ము నిండా నీళ్ళు, నీళ్ళలో వరసగా స్టీలు రేకులు. మూతలోంచి వచ్చిన సన్నటి గొట్టం చివర బెత్తెడు మంట. ఆ మంట మీద గిన్నెలో నీళ్ళు అప్పుడే తెర్లుతున్నాయి. నీళ్ళలోంచి కరెంటు తీస్తానన్న వెల్డరు ముందుగా నీళ్ళతో నీళ్ళు మరగబెడుతున్నాడని తెలిసి వీధి వీధంతా ఆ రేకుల షెడ్డులోకి తోసుకొచ్చింది. లోపల చోటు దొరకనివాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడుతున్నారు.

“కళ్ళెదుట భగభగ మండుతుంటే ఇంకా పరీక్షలేంటమ్మా?” అన్నాడు ఇస్త్రీ బండి పెద్దాయన. ఆమెను వెంటబెట్టుకొచ్చింది ఆయనే. “రేపు టీవీవాళ్ళు వస్తున్నారు. నిజమేనని మీరో సంతకం పడేస్తే మా వీధి పేరు మోగిపోతుంది.”

“నీళ్ళంటే ఏంటో తెలుసా పెద్దాయనా? ఎప్పుడో కాలిపోయిన వాయువు. ఒకరకంగా బూడిదే. బూడిదని మళ్ళీ మండించాలంటే, మొదట కాలినప్పుడు ఎంత వేడి పుట్టిందో అంతా తిరిగి దానికి పెట్టాలి. చిటికెడు కూడా మిగలదు.”

“మరి మండుతోందిగా బూడిద!” కిటికీలోంచి ఎవరో అరిచారు. షెడ్డంతా గొల్లుమంది.

మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి. సంచిలోంచి మీటరు తీసి వైరుకి తగిలించింది. గిన్నెలో థర్మామీటరు ముంచింది. గడియారం చూసుకుంటూ చీటీ మీద ఏవో అంకెలు గీకింది.

“చూడండి. లోపలికి పోస్తున్న కరెంటు పది బిందెలనుకుంటే, మంటలోంచి తోడుకుంటున్న వేడి మూడు బిందెలు కూడా లేదు. ఇది కరెంటు పుట్టించే యంత్రం కాదు, కరెంటు తాగే యంత్రం.”

“పాలు పట్టకుండా బిడ్డ ఎదుగుతుందా మేడమ్? మొదట్లో కాస్త తాగుతుంది. వేడెక్కాక దానంతట అదే లాక్కుపోతుంది. ఏరా, అంతేగా?” అన్నాడు పెద్దాయన.

“అంతే... అంతే పెద్దాయనా,” అన్నాడు వెల్డరు తల వంచుకుని. అతని మెడ మీద చెమట ధారకట్టింది.

“ఇప్పటికే బాగా వేడెక్కింది కదా. ఇక దానంతట అదే పోవాలి!” అంటూ ఆమె ప్లగ్గు పీకేసింది.

ఎవరూ రెప్ప వెయ్యలేదు. మంట ముందు వణికింది. వేలెడంత అయింది. గోరంత అయింది. టప్పుమని ఆరిపోయింది.

పన్నెండేళ్ళుగా మేడమ్ బోర్డు మీద రాసి రాసి చెప్పిన సూత్రం ఇంతమంది ముందు నెగ్గింది.

“చూశారా! చూశారా!”

“ఒప్పుకున్నాను మేడమ్, నాది అబద్ధమే. ముందు ప్లగ్గు పెట్టనివ్వండి!” అని చెయ్యి చాచాడు వెల్డరు.

ఆమెకు వింతగా అనిపించింది. దొరికిపోయినవాడికి ఇంకా ప్లగ్గుతో ఏం పని? అది గుప్పిట్లోనే బిగించి పట్టుకుంది.

గోడ అవతలి నుంచి చప్పుడు. టక్. టక్. టక్.

అప్పుడు కనిపించింది ఆమెకు. డ్రమ్ముకి ఉన్నది ఒక గొట్టం కాదు, రెండు. రెండోది బల్ల కింద నక్కి నక్కి పోయి, గోడకున్న చిల్లులోంచి పక్కగదిలోకి దూరింది.

“ఓహో, లోపల మనిషిని పెట్టావా! సిలిండరు అక్కడ, కుళాయి తిప్పేవాడు అక్కడ. నేను ప్లగ్గు పీకేసరికి వాడికి తికమకై కట్టేశాడు. అంటే ఆ మూడు బిందెలు కూడా నీళ్ళవి కావన్నమాట!”

“ఒరేయ్, ఇన్నాళ్ళూ మా చెవుల్లో పువ్వులు పెట్టావట్రా!” పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. జనం ముందుకు తోసుకొచ్చారు.

ఆ తోపులాటలో వెల్డరు ఒక్క గెంతు గెంతి ఆమె చేతిలోంచి ప్లగ్గు లాక్కుని బోర్డులో గుచ్చాడు. డ్రమ్ము మళ్ళీ బుడబుడమంది. అతని భార్య పరుగున వెళ్ళి పక్కగది తలుపుకి అడ్డంగా నిలబడింది.

“లోపలికి వద్దమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఎంత వద్దంటే మేడమ్‌కి అంత పట్టుదల పెరిగింది. ఆవిడ చెయ్యి కింద నుంచి దూరి తలుపు తోసేసింది.

సిలిండరు లేదు. కుళాయి లేదు. ఒక మంచం, దాని మీద వెల్డరు అక్క. ఒక చేత్తో గోడని తడుతూ, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పెదవులు నేరేడు రంగుకి తిరిగాయి. గొట్టం రెండు నీళ్ళ సీసాల్లోంచి దిగి, ఆమె ముక్కు దగ్గర ఆగింది.

“వచ్చేస్తోంది వదినా, వచ్చేస్తోంది. మెల్లగా పీల్చు,” అంటూ వెల్డరు భార్య ఆమె వీపు నిమిరింది. సీసాలో ఒక బుడగ లేచింది. వెనకే ఇంకొకటి. తర్వాత వరసకట్టాయి. కాసేపటికి ఆ పెదవులు మనిషి రంగులోకి వచ్చాయి.

మేడమ్ చూపు గొట్టం వెంటే సీసాల నుంచి గోడ చిల్లు దాకా వెళ్ళింది. నీళ్ళు విరిగితే పుట్టేది రెండు వాయువులని, ఒకటి మండేది, రెండోది మనం పీల్చేది అని ఏటా పిల్లలకి చెప్పే మనిషి తను. అలాంటిది, మంటనే చూస్తూ కూర్చుంది.

“దొరికాడా మేడమ్ దొంగ?” బయటి నుంచి పెద్దాయన కేక.

ఆమె తలుపు దగ్గరగా వేసి, తన వెనకే లోపలికి వచ్చిన వెల్డరు వైపు తిరిగింది.

“ప్రాణం నిలబెడుతున్నావయ్యా! ఆ మాటే చెప్పుకోవచ్చుగా! కరెంటు పుట్టిస్తానని ఎందుకు కోతలు కోశావు?”

“చెప్పాను మేడమ్. అక్కకి ఊపిరి అందడం లేదు, పాత రేకో వైరో ఉంటే ఇవ్వండని గుమ్మం గుమ్మం తిరిగితే ఒక్క ముక్క రాలలేదు. నీళ్ళతో కరెంటు తీస్తానన్నాను, తెల్లారేసరికి ఇదంతా వాళ్ళే మోసుకొచ్చి పడేశారు.”